చర్మం, జుట్టు: ఓపీలో రోజూ అడిగే ప్రశ్నలు

స్కిన్ ఓపీలో నేను అడిగే మొదటి మాట “ఎప్పటి నుంచి?” కాదు, “ఇప్పటిదాకా ఏం రాశారు?” అని. చాలామంది పేరు చెప్పలేరు. సంచిలో వెతికి, కింది నుంచి చుట్టుకుంటూ వచ్చి ఆఖరి చుక్కదాకా పిండేసిన ట్యూబు ఒకటి తీసి బల్ల మీద పెడతారు. సగం కథ ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. అందుకే ఈ ప్రశ్నల్లో ట్యూబుల గోల కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది.

తామరకు మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతోంది, ఆపగానే మళ్లీ వస్తోంది. ఎందుకు?

తగ్గింది దురద. తామర ఎక్కడికీ పోలేదు.

అలాంటి ట్యూబుల్లో సాధారణంగా మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితోపాటు ఒక స్టెరాయిడ్. స్టెరాయిడ్ పని ఎరుపునీ దురదనీ అణచడం. అది రెండు రోజుల్లో ఆ పని చేసేస్తుంది, మనకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఎరుపూ దురదా అంటే ఫంగస్‌తో మన ఒంటికి జరుగుతున్న పోట్లాట. పోట్లాడేవాణ్ని పడుకోబెట్టేస్తే ఫంగస్‌కి పండగే. లోపల హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రూపాయి బిళ్లంత మచ్చ అరచేయంత అవుతుంది. వలయం లోపల ఇంకో వలయం వేసుకుంటూ, తామరలా కూడా కనిపించకుండా పోతుంది. కొన్నిసార్లు డాక్టర్లం కూడా తికమకపడతాం.

ఇంకో నష్టం ఉంది. గజ్జల్లోనూ తొడల లోపలి వైపునా చర్మం పల్చన. అక్కడ నెలల తరబడి క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ రాస్తే, గర్భిణుల పొట్ట మీద వచ్చే చారల్లాంటివి ఎర్రగా, వెడల్పుగా పడతాయి. రంగు తగ్గుతుందేమో గానీ చారలు మాత్రం పోవు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు సిగ్గుపడుతూ చూపించే ఈ చారలు నేను వారంలో ఒకసారైనా చూస్తాను.

ట్యూబు వెనక క్లోబెటాసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటాసోన్, ఫ్లూయోసినోలోన్ అనే పేర్లలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడే. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా అంటే, మీకే తెలుసు.

అయితే స్టెరాయిడ్ అంటేనే చెడ్డదా?

కాదు. గజ్జితామర అని మనవాళ్లు పిలిచే ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి, కొన్ని రకాల అలర్జీలకి స్టెరాయిడ్ క్రీమే మంచి మందు. సరైన జబ్బుకి, సరైన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే భయం లేదు. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి, పసిపిల్లవాడు రాత్రంతా గోక్కుంటుంటే మందు రాయకుండా కొబ్బరినూనెతో సరిపెట్టే తల్లిదండ్రులనూ చూశాను. అదీ తప్పే.

మరి తామరకు సరైన వైద్యం ఏమిటి? ఎన్నాళ్లు?

ఒకప్పుడు రెండు వారాలు టెర్బినాఫిన్ రాస్తే పోయేది. ఇప్పుడు మన దేశమంతా తిరుగుతున్న ఫంగస్ వేరు. దాని పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే, పేరులోనే ఇండియా ఉంది. జన్యువులో మార్పు వచ్చి, టెర్బినాఫిన్‌కి సరిగా లొంగని రకాలు ఇందులో చాలా ఉన్నాయి. అందుకే ఇట్రాకొనజోల్ మాత్రలు వారాల తరబడి, కొందరికి నెలలు కూడా ఇవ్వాల్సి వస్తోంది. ఆ కాప్సూల్ కడుపునిండా తిన్నాక వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే ఒంటికి సరిగా పట్టదు. గ్యాస్ మాత్రలు కూడా దాని పని తగ్గిస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో పడదు. కాబట్టి వేసుకుంటున్న మందులన్నీ డాక్టరుకి చెప్పాలి.

క్రీము మచ్చ మీదే రాస్తే చాలదు. అంచు దాటి రెండు వేళ్ల మేర బయటికి రాయాలి, ఫంగస్ పాకేది అంచు నుంచే. మచ్చ కనబడకుండా పోయాక ఇంకో రెండు వారాలైనా ఆపకూడదు.

ఇక మందు కన్నా మొండిది ఇల్లు. ఒకే తువ్వాలు నలుగురు తుడుచుకుంటారు, లుంగీలు ఒకరివొకరు కట్టుకుంటారు, తడిసిన బిగుతు జీన్స్ మీదే సాయంత్రందాకా తిరుగుతారు. ఎవరి తువ్వాలు వాళ్లకి ఉండాలి. లోదుస్తులు వేణ్ణీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే తిరగేసి ఇస్త్రీ చేయండి. నడుముకు మొలతాడు ఉంటే, వైద్యం అయ్యేదాకా తీసేస్తే మంచిది. దాని కింద తేమ నిలిచి, అక్కడే ఒక గీతలా తామర మిగిలిపోతుంది. అది తీయమంటే కొందరు ఒప్పుకోరు. అప్పుడు కనీసం కొత్తది మార్చమంటాను.

ఇంట్లో అందరికీ దురద. రాత్రయితే చాలు, నిద్ర ఉండదు. రక్తం చెడిందంటారా?

రక్తం చెడలేదు. ముందు గజ్జి అనుకోవాలి. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ, చంకల్లో, మగవాళ్లకి మర్మాంగం మీద చిన్న పొక్కులు ఉండి, రాత్రి దురద పెరిగి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే చాలావరకు అదే. కంటికి సరిగా ఆనని చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది.

పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్లదాకా, గోళ్ల కిందా బొడ్డులోనూ పిరుదుల మధ్యనూ వదలకుండా రాత్రి పట్టించి, పొద్దున స్నానం చేయాలి. పెద్దవాళ్లకి ఒకసారికి 30 గ్రాముల దాకా పడుతుంది. దురద ఉన్న చోట మాత్రమే చుక్కలు పెడితే ఉపయోగం లేదు. రాసుకున్నాక చేతులు కడిగితే మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. అసలు కిటుకు ఇదీ: ఇంట్లో అందరూ, దురద లేని తాతగారితో సహా, ఒకే రాత్రి రాసుకోవాలి. హాస్టల్ నుంచి వారాంతానికి వచ్చే పిల్లాణ్ని మర్చిపోతే మొత్తం మొదటికొస్తుంది. ఆ రోజు కట్టుకున్న బట్టలు, దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతకండి. ఉతకలేనివి కవర్లో మూటకట్టి నాలుగైదు రోజులు పక్కన పెడితే పురుగు చస్తుంది.

పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ పెర్మెత్రిన్ పూయకండి.

ముఖం తెల్లబడాలని ఒక క్రీము వాడాను. ఆపితే మంట, ఎరుపు. రాస్తేనే బాగుంటోంది.

ముఖం దానికి అలవాటు పడిపోయింది. అది స్టెరాయిడ్ కలిసిన క్రీము అయ్యుంటుంది. మొదటి నెల ముఖం మెరుస్తుంది, చుట్టాలు “ఏం రాస్తున్నావే?” అని అడుగుతారు. మూడో నెలకి సన్నటి ఎర్ర నరాలు, పొక్కులు, ఆడపిల్లల ముఖం మీద నూగు వెంట్రుకలు. ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. ఇలాంటి ముఖానికి మన దేశపు చర్మ వైద్యులు పెట్టిన పేరే ఉంది: స్టెరాయిడ్ దెబ్బతిన్న ముఖం.

దీనికి అడ్డదారి లేదు. క్రీము మానేయాలి. ఎలా మానాలో డాక్టరు చెబుతారు, కొందరికి మెల్లగా తగ్గిస్తూ, కొందరికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటి పూతమందు ఇస్తూ. మొదటి రెండు మూడు వారాలు ముఖం ముందుకన్నా ఘోరంగా ఉంటుంది. చాలామంది సరిగ్గా అప్పుడే ఓడిపోయి మళ్లీ పాత ట్యూబు తీస్తారు. పెళ్లి ఇంకో పది రోజుల్లో ఉందని వచ్చేవాళ్లకి నా దగ్గర మంత్రమేమీ లేదు.

కంపెనీ వివరాలు లేని డబ్బాల్లో వచ్చే తెల్లబడే క్రీములది ఇంకో ప్రమాదం, పాదరసం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు అక్కడి వైద్యులు గుర్తించారు. ముఖానికి రాసింది మూత్రపిండాలకు చేరిందన్నమాట.

మంగు మచ్చలు పూర్తిగా పోతాయా?

పల్చబడతాయి. పూర్తిగా పోయి మళ్లీ రాకుండా ఉండడం అరుదు. నిజం ముందే చెబితే డబ్బు మిగులుతుంది.

మంగుకి ఎండ ఒక కారణం, గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశం ఇంకొన్ని. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక తేలికపాటి స్టెరాయిడ్ కలిసిన క్రీము పనిచేస్తుంది, కానీ రాత్రిపూట, ఎనిమిది వారాలకు మించకుండా, డాక్టరు చూపులో. బాగుందని రెండేళ్లు రాసినవాళ్ల ముఖమే పై ప్రశ్నలోది. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు కొందరికి ఇస్తాం. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ఇవ్వం.

సన్‌స్క్రీన్ లేకుండా మంగు వైద్యమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. చూపుడు వేలు, మధ్య వేలు చాచి, వాటి పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోయేంత. మనం రాసేది బఠాణీ గింజంత. ఎస్పీఎఫ్ 30 పైన ఉన్నది, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. మంగు ఉన్నవాళ్లు కాస్త రంగు కలిసిన సన్‌స్క్రీన్ తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా అడ్డుకుంటుంది.

మా అమ్మాయి మెడ నల్లగా ఉంది. ఎంత రుద్దినా పోవట్లేదు.

రుద్దకండి. అది మురికి కాదు. పీచుతో, సున్నిపిండితో, నిమ్మచెక్కతో తోమితోమి పిల్ల మెడ ఒరుసుకుపోతుంది, నలుపు మాత్రం అలాగే ఉంటుంది. మెడ వెనకా చంకల్లో మందంగా, వెల్వెట్ గుడ్డలా నల్లబడితే, చాలామందిలో అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదన్న గుర్తు. బరువు, నెలసరి, షుగరు చూడాలి. ఇంట్లో షుగర్ పేషెంట్లు ఉంటే ఇంకా ముఖ్యం. బరువు తగ్గితే మెడ కూడా తెల్లబడుతుంది. అదే మందు, మిగతా క్రీములు తోడు మాత్రమే.

మొటిమలకు ఏది వాడాలి?

తేలికపాటి మొటిమలకు రాత్రి అడాపలీన్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. అడాపలీన్ ముఖమంతటికీ శనగగింజంతే. మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టడం కాదు, రాబోయేవాటిని ఆపేది అదే. మొదట్లో పొట్టు లేస్తుంది, రోజు మార్చి రోజు మొదలుపెట్టండి. గర్భం అనుకుంటున్నవాళ్లు అడాపలీన్ వద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు తువ్వాలు, దిండు గలేబు తెల్లబడిపోతాయి, ఇంట్లో తిట్లు తినకుండా తెల్లవి వాడండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. వారానికో క్రీము మార్చేవాళ్లకి ఏదీ పనిచేయదు.

గడ్డలు కట్టి గుంటలు పడే మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు అవసరమవుతాయి. పెదవులు ఎండిపోతాయి, లివరూ కొవ్వూ పరీక్షలు చేయించుకోవాలి. ఆడవాళ్లు ఇది వాడుతున్నప్పుడూ, ఆపాక ఒక నెలా గర్భం రాకుండా చూసుకోవాల్సిందే. బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. స్నేహితురాలి మాత్రలు పంచుకుని వేసుకునే సరదా ఇందులో వద్దు.

మొటిమ మీద టూత్‌పేస్టు రాయొచ్చా? అది పళ్లకే.

తల దువ్వితే జుట్టు గుత్తులుగా వస్తోంది. బట్టతల అయిపోతుందా?

ముందు క్యాలెండర్ చూడండి. రెండు మూడు నెలల కింద ఏం జరిగింది? డెంగీయా, టైఫాయిడా, కాన్పా, ఆపరేషనా, అన్నం మానేసి చేసిన డైటింగా? పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు చాలా వెంట్రుకలను ఒకేసారి విశ్రాంతికి పంపిస్తుంది. అవి రెండు మూడు నెలల తర్వాత కట్టగట్టుకుని రాలతాయి. జ్వరం మర్చిపోయాక జుట్టు రాలుతుంది కాబట్టి కొత్త షాంపూ మీదో బోరు నీళ్ల మీదో నేరం పడుతుంది.

ఇది దాదాపు ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. మామూలుగా కూడా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. రెండు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకి ఆ రోజు రెట్టింపు కనిపిస్తుంది. రాలిన వెంట్రుకలు జిప్ కవర్లో దాచి, రోజువారీగా లెక్క రాసి తెచ్చినావిడ ఒకరున్నారు. ఆ టెన్షనే ఆమెకు జుట్టుకన్నా పెద్ద జబ్బు.

ఆరు నెలలు దాటినా ఆగకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూస్తాం. బయోటిన్ మాత్రలు అందరికీ అక్కర్లేదు. పైగా థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు కొన్ని రోజులు ఆపమని అందుకే చెబుతాం.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా?

రాదు. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, అది భక్తి. జుట్టు కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి అక్కడిదాకా పోదు. కొత్తగా మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగిలి, ఒత్తుగా వచ్చినట్టనిపిస్తుంది.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు?

మగవాళ్లకి నుదురు వెనక్కి జరగడం, మాడు పల్చబడడం. ఆడవాళ్లకి పాపిట వెడల్పవుతుంది. మినాక్సిడిల్ మొదట బీపీ మందు, వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకు తెచ్చారు. మొదలుపెట్టిన కొన్ని వారాలకి ఇంకాస్త ఎక్కువ రాలుతుంది. హడలిపోయి ఆపేయకండి, పాతవి తప్పుకుని కొత్తవాటికి చోటిస్తున్నాయి. ఫలితం నాలుగు నుంచి ఆరు నెలలకి. ఆపితే, వచ్చినదంతా మళ్లీ పోతుంది. మగవాళ్లకి ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర కూడా ఉంది, లైంగిక ఇబ్బందులు కొద్దిమందికి రావచ్చు, ముందే మాట్లాడుకోవాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత నిలుస్తుంది. నున్నగా అయిపోయిన చోట నూనెలేవీ పనిచేయవు.

చుండ్రుకి నూనె పెట్టమంటున్నారు...

చుండ్రు పొడిబారడం వల్ల రాదు. తల జిడ్డు తిని బతికే మలసేజియా అనే ఈస్టు వల్ల వస్తుంది. నూనె పెడితే దానికి భోజనం పెట్టినట్టే. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ వచ్చాక ఐదు నిమిషాలు ఉంచి కడగండి. పెట్టగానే కడిగేస్తే మందంతా డ్రైనేజీలోకి.

తలలో రూపాయి బిళ్లంత జుట్టు ఊడింది. పేనుకొరుకుడు అంటున్నారు.

పేనుకీ దీనికీ సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే పొరపాటున జుట్టు కుదుళ్ల మీద దాడి చేస్తుంది. గురివింద గింజ అరగదీసి పూయడం, వెల్లుల్లి రుద్దడం ఊళ్లలో మామూలు. ఒకటి రెండు మచ్చలు చాలామందికి వాటంతటవే నిండుతాయి, పేరు గురివిందకు దక్కుతుంది. ఆ పూతలకి చర్మం కాలిపోయి పుండు పడితే మాత్రం అక్కడ మచ్చ మిగిలి, రావాల్సిన జుట్టు కూడా రాదు.

మేము మచ్చలోకి సన్నటి సూదితో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తాం, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. తలంతా ఊడిపోయినవాళ్లకు ఇప్పుడు ఆ దాడిని అణిచే జాక్ ఇన్‌హిబిటర్లు అనే మాత్రలున్నాయి. వాటిలో బారిసిటినిబ్‌కి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖర్చు, రక్తపరీక్షలు, ఇన్‌ఫెక్షన్ల భయం ఉన్నాయి కాబట్టి అందరికీ కాదు.

తెల్ల మచ్చ వచ్చింది. బొల్లేనా?

తెల్ల మచ్చలన్నీ బొల్లి కావు. చెమట పట్టే వీపు మీద, ఛాతీ మీద సన్నటి పొట్టుతో వచ్చేది శోభి, అది ఫంగస్, తగ్గుతుంది. రంగు తిరిగి కలవడానికి మాత్రం నెలలు పడుతుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలకు నులిపురుగులని మందు వేస్తారు గానీ చాలావరకు అది పొడిచర్మమే.

తెల్ల మచ్చలో స్పర్శ తెలియకపోతే అది వేరే సంగతి, కుష్టు పరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో. ముందే పట్టుకుంటే వేలు కూడా వంకరపోదు.

పాలలా తెల్లగా, పొట్టు లేకుండా ఉంటే బొల్లి. అంటుకోదు. చేపలు తిని పాలు తాగితే రాదు. టాక్రోలిమస్, యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కాంతి) లైటు వైద్యం ముఖం మీద బాగా పనిచేస్తాయి, వేళ్ల కొసల మీద, పెదాల మీద కష్టం. ఏడాదిగా కదలకుండా ఉన్న మచ్చకు చర్మం అంటుకట్టే ఆపరేషన్ ఉంది.

నుదుటి మధ్య సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట గుండ్రంగా తెల్లబడితే స్టిక్కరు బొట్టు మానేయండి. దాని జిగురులో ఉండే ఒక రసాయనం కొందరికి రంగు కణాలను చంపేస్తుంది. మానేసినా కొందరికి మచ్చ పాకుతుంది, కాబట్టి చూపించుకోండి.

హెయిర్ డై వేసుకుంటే నుదురు, కళ్లు వాచాయి. బ్రాండు మార్చనా?

బ్రాండు మారినా లోపల ఉండేది చాలావరకు అదే పీపీడీ, అంటే ఈ అలర్జీ తెచ్చే రంగు రసాయనం. కొన్ని ‘నల్ల గోరింటాకు’ పొడుల్లో కూడా అదే కలుపుతారు. అసలు గోరింటాకు నల్లగా పండదని మీకు తెలియనిది కాదు.

సోరియాసిస్‌కి వారానికోసారి మాత్ర ఇచ్చారు. తొందరగా తగ్గాలని రోజూ వేసుకోవచ్చా?

వద్దు, వద్దు. అది మెథోట్రెక్సేట్ అయితే రోజూ వేసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. నోరంతా పుండ్లుపడి, రక్తకణాలు పడిపోయి ఐసీయూలో చేరతారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో కవర్ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, ‘మంగళవారం మాత్రమే’ అని. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రలు సర్దిపెట్టే కోడలికో కొడుక్కో కూడా ఆ మాట చెప్పాలి.

నడుముకి ఒక పక్కనే మంటతో పొక్కులు. సర్పి అని మంత్రం వేయించాం.

మంత్రం వేయించుకోండి, కానీ దారిలో ఆసుపత్రికీ రండి. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే నరంలో దాక్కుని మళ్లీ లేస్తుంది. ఎసైక్లోవిర్ రకం మందులు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పొక్కులు నడుము చుట్టూ తిరిగి, పాము తలా తోకా కలిస్తే చచ్చిపోతారన్నది వట్టిమాట. నుదుటి మీదో కంటి పక్కనో వస్తే మాత్రం అదే రోజు రావాలి, చూపు పోవచ్చు.

ఏ చర్మ సమస్యకి అర్ధరాత్రైనా పరిగెత్తాలి?

కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, చర్మం కమిలి పొరలుగా ఊడడం మొదలైతే. ఫిట్స్ మందులు, గౌట్‌కి ఇచ్చే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులతో ఇది ఎక్కువ. ఆ మాత్ర వెంటనే ఆపి, స్ట్రిప్పుతో సహా పెద్దాసుపత్రికి వెళ్లండి. బయటపడ్డాక ఆ మందు పేరు ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతోపాటు పర్సులో పెట్టుకోండి. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు అదే మాత్ర రాస్తే, రెండోసారి అంత టైం ఇవ్వదు.